కష్టపెట్టిన షాటు, నష్టపెట్టిన షాటు



2022 ఏప్రిల్ నెల. అమెరికాలోని అగస్టా నేషనల్ గోల్ఫ్ కోర్సు. మాస్టర్స్ టోర్నమెంట్ ఆఖరి రోజు, ఆఖరి గ్రీన్. స్కాటీ షెఫ్లర్ ఐదు స్ట్రోక్‌ల ఆధిక్యంతో అక్కడికి వచ్చాడు. ఇక బంతిని నెమ్మదిగా గుంటలోకి దొర్లించడమే తరువాయి. ఆ కాస్త పనికి నాలుగు పట్‌లు పట్టాయి. అయినా మూడు స్ట్రోక్‌ల తేడాతో టైటిల్ అతనిదే. చుట్టూ జనం నవ్వారు. అతనూ నవ్వేశాడు.

మరుసటి ఏడాది అది నవ్వి ఊరుకునే విషయం కాకుండా పోయింది. 2023లో అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరస అయిన పీజీఏ టూర్‌లో టీ నుంచి గ్రీన్ దాకా షెఫ్లర్‌ను మించినవాడు లేడు. గ్రీన్ ఎక్కాక మాత్రం కథ తిరగబడేది. టీ నుంచి గ్రీన్ దాకా ఒకటో ర్యాంకు. పటింగ్‌లో 162వ ర్యాంకు. ఒకే మనిషి, ఒకే ఆట. అందులో ఒక భాగం శిఖరం మీద ఉంది, మరో భాగం పట్టికలో ఎక్కడో అడుగున ఉంది.

గోల్ఫ్ ఆడే ప్రతివాడి ఆటలోనూ ఇలాంటి అడుగు భాగం ఒకటి ఉంటుంది. దాన్ని కనిపెట్టడం ఎలా? కనిపెట్టాక బాగుచేసుకోవడం ఎలా? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం.

గోల్ఫ్ తెలియని శ్రోతల కోసం రెండు మాటలు. ఒక రౌండంటే 18 గుంటలు. టీ దగ్గర మొదలుపెట్టి, ఎంత తక్కువ స్ట్రోక్‌లలో బంతిని గుంటలో వేస్తే అంత గొప్ప. మొదటిది డ్రైవ్, దూరం కొట్టే షాటు. తర్వాత ఐరన్ అనే క్లబ్‌తో గ్రీన్ మీదికి, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదికి, కొట్టే షాటు. గ్రీన్ తప్పితే పక్కనుంచి ఎత్తి వేసే చిప్, లేదా ఇసుక గుంటలోంచి తీసే బంకర్ షాటు. చివరికి గ్రీన్ మీద దొర్లించే పట్. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి మిగతావాటిని వెనక్కి లాగుతూ ఉంటుంది.

షెఫ్లర్‌కు తన లోపం వెతుక్కునే పని లేదు. టూర్‌లో ప్రతి షాటునూ కొలుస్తారు. బంతి ఎక్కడ పడింది, గుంటకు ఎంత దూరంలో ఆగింది, అన్నీ నమోదవుతాయి. సెలవు రోజు పొద్దున్న గోల్కొండ నయా ఖిల్లా కోర్సులోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో ఆడే మామూలు గోల్ఫర్‌కు ఆ ఏర్పాటేదీ లేదు. అతనికి ఉన్నది జ్ఞాపకమే. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక బ్యాంకు మేనేజరుగారు ఆడుతున్నారనుకుందాం. నాలుగు వందల గజాల గుంట. పార్ నాలుగు, అంటే నాలుగు స్ట్రోక్‌లలో ముగించాలన్న లెక్క. డ్రైవ్ కొట్టారు. బంతి కుడివైపు చెట్లలోకి పోయింది. వెళ్లి చూస్తే రెండు చెట్ల మధ్య కాస్త సందు కనిపించింది. పక్కకు తీసి ఫెయిర్‌వే మీద, అంటే మధ్యలోని పొట్టి గడ్డి దారి మీద, వేసుకోవచ్చు. కానీ సందు ఊరిస్తోంది కదా. కొట్టారు. బంతి టప్పున మానుకు తగిలి కాళ్ల దగ్గరికే వచ్చింది. మూడో షాటుకు బుద్ధిగా బయటికి తీశారు. నాలుగో షాటు గ్రీన్ ఎక్కింది. కానీ గుంటకు నలభై అడుగుల దూరంలో ఆగింది. అక్కణ్నుంచి మూడు పట్‌లు. మొత్తం ఏడు. పార్ కంటే మూడు ఎక్కువ.

ఆట అయ్యాక కాఫీ తాగుతూ ఆయన ఏమంటారు? "మూడు పట్‌లండీ! పటింగే ముంచేసింది" అంటారు. ఎందుకంటే చివర జరిగింది అదే. నలుగురూ చూస్తుండగా జరిగింది అదే. రెండడుగుల దూరం నుంచి తప్పిన పట్ మనసును గుచ్చుతుంది. కానీ లెక్క వేసి చూడండి. పోయిన మూడింటిలో పటింగ్ వాటా ఒకటే. ఒకటి డ్రైవ్‌తో పోయింది. ఇంకొకటి చెట్ల సందులో దురాశకు పోయింది.

అందుకే ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనసును కష్టపెట్టిన షాటు వేరు, స్కోరును నష్టపెట్టిన షాటు వేరు. రెండూ ఒకటే కావచ్చు. చాలాసార్లు కావు.

ఈ తేడాను పక్కాగా లెక్క కట్టినాయన ఒక ప్రొఫెసర్. పేరు మార్క్ బ్రాడీ. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెబుతారు. గోల్ఫ్ పిచ్చి ఉన్న మనిషి. ఆయన పట్టుకున్న కిటుకు వినడానికి చాలా తేలిక. ఎనిమిది అడుగుల పట్ ఉందనుకోండి. టూర్‌లో ఆడే మేటి ఆటగాళ్లు కూడా దాన్ని రెండుసార్లలో ఒకసారే వేస్తారు. అంటే అక్కణ్నుంచి వాళ్ల సగటు ఒకటిన్నర స్ట్రోక్. మీరు ఒక్క పట్‌తో వేశారా, అర స్ట్రోక్ లాభం. రెండు పట్టాయా, అర స్ట్రోక్ నష్టం. అదే ముప్పై మూడు అడుగుల నుంచైతే వాళ్ల సగటే రెండు. అక్కణ్నుంచి రెండు పట్‌లు ఆడినవాడు తప్పేమీ చేయలేదు.

ఇలా ప్రతి షాటుకూ లాభమో నష్టమో రాసుకుంటూ పోవచ్చు. దీన్నే స్ట్రోక్స్ గెయిన్డ్ అంటారు. పటింగ్‌ను ఈ పద్ధతిలో లెక్కించడం పీజీఏ టూర్ 2011లో మొదలుపెట్టింది.

అంతకుముందు ఏం చేసేవారు? పట్‌లు ఎన్నో లెక్కపెట్టేవారు. అందులో ఒక మోసం ఉంది. గ్రీన్ తప్పినవాడు చిప్ చేసి బంతిని గుంట పక్కన పెట్టుకుంటాడు. ఒకే పట్. రెండు వందల గజాల నుంచి గ్రీన్ మీదికి కొట్టినవాడికి నలభై అడుగుల పట్ మిగులుతుంది. రెండు పట్‌లు. పట్‌ల లెక్క చూస్తే మొదటివాడే పటింగ్‌లో మొనగాడు. నిజానికి వాడు చిప్ బాగా చేశాడు, అంతే.

బ్రాడీ లెక్కలు ఇంకో పాత నమ్మకాన్ని కూడా కదిపాయి. డ్రైవ్ చూసేవాళ్ల ముచ్చట కోసం, డబ్బు తెచ్చేది పట్ అని గోల్ఫర్లు తరతరాలుగా చెప్పుకునేవారు. దక్షిణాఫ్రికా ఆటగాడు బాబీ లాక్ పేరు మీద ఈ మాట ప్రచారంలో ఉంది. బ్రాడీ లక్షల కొద్దీ షాట్లు పరిశీలించారు. అగ్రశ్రేణి ఆటగాడికీ సగటు ఆటగాడికీ ఉన్న తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు వంద గజాలకు అవతల కొట్టే షాట్ల నుంచే వస్తోందని తేలింది. డ్రైవ్, ఐరన్. ఇవే పెద్ద వాటా. అలాగని మీ లోపం కూడా అక్కడే ఉంటుందని కాదు. షెఫ్లర్ కథ ఇందాక విన్నారుగా. మీ లెక్క మీరే వేసుకోవాలి.

దానికి టూర్‌లోలా కొలిచే ఏర్పాట్లు అక్కర్లేదు. పెన్సిల్ ముక్క చాలు. స్కోరు కార్డులో ప్రతి గుంట పక్కన ఒక అక్షరం రాయండి. డ్రైవ్ వల్ల స్ట్రోక్ పోతే "డ". ఐరన్ వల్ల పోతే "ఐ". గ్రీన్ పక్కన చిప్, బంకర్‌లలో పోతే "చ". పట్ వల్ల పోతే "ప". ఒకే గుంటలో రెండు మూడు పోతే రెండు మూడు అక్షరాలు. మన మేనేజరుగారి ఏడుకు ఏమొస్తుంది? డ, ఐ, ప.

ఇంకొక్క చిన్న పని. తప్పు చేతిది కాకుండా నిర్ణయానిదైతే ఆ అక్షరం చుట్టూ సున్నా చుట్టండి. చెట్ల సందులోంచి కొట్టిన షాటుకు ఆ సున్నా పడుతుంది. ఆయన స్వింగ్‌లో లోపం లేకపోవచ్చు. ఆ సందులోంచి పంపడం టూర్ ఆటగాడికే కష్టం. అలాంటి షాటును ఎంచుకోవడమే తప్పు. దాన్ని డ్రైవింగ్ రేంజ్‌లో ఎన్ని బంతులు కొట్టినా దిద్దలేం.

సున్నాలు ఎక్కువగా పడే చోటు ఇంకొకటుంది. ఏ క్లబ్ తీయాలన్నది. సెవెన్ ఐరన్ ఎప్పుడో ఒకనాడు అద్భుతంగా తగిలి నూట యాభై గజాలు పోయి ఉంటుంది. ఆ రోజు నుంచి అదే తన దూరమని గోల్ఫర్ నమ్మేస్తాడు. రోజూ కొట్టేది నూట ముప్పై ఐదు. బంతి గ్రీన్‌కు ముందే, బంకర్‌లో పడుతుంది. అప్పుడు బంకర్‌ను తిట్టుకుంటాడు.

ఇది గోల్ఫర్‌కు తెలియకపోయినా, సంచి మోస్తూ వెంట నడిచే క్యాడీకి తెలుసు. ఏళ్ల తరబడి ప్రతి షాటూ చూస్తున్నవాడు కదా. అడగనిదే చెప్పడు. రౌండయ్యాక పక్కకు పిలిచి, మొహమాటం లేకుండా చెప్పమని అడిగి చూడండి. "మీరు ఎప్పుడూ ఒక క్లబ్ తక్కువే తీసుకుంటారు సార్" అంటాడు. ఒక్క వాక్యంలో సగం జబ్బు తేలిపోతుంది.

సరే, లోపం దొరికింది. ఇప్పుడు బాగుచేసుకోవడం.

మళ్లీ షెఫ్లర్ దగ్గరికి వెళదాం. 2023 చివర్లో అతను ఇంగ్లండ్‌కు చెందిన పటింగ్ కోచ్ ఫిల్ కెన్యన్ దగ్గర పని మొదలుపెట్టాడు. మిగతా ఆట జోలికి పోలేదు. 2024 ఫిబ్రవరిలో తోటి ఆటగాడు రోరీ మెకిల్రాయ్ టీవీలో మాట్లాడుతూ, మాలెట్ రకం పటర్ తనకు మేలు చేసిందనీ స్కాటీ కూడా దాన్ని ప్రయత్నిస్తే చూడాలని ఉందనీ అన్నాడు. పటర్ అంటే పట్ కొట్టే క్లబ్. అందులో తల వెడల్పుగా ఉండే రకం మాలెట్. మధ్యలో తగలకపోయినా బంతి మరీ దారి తప్పదు. గురి పెట్టడమూ తేలిక. మార్చిలో షెఫ్లర్ మాలెట్ పట్టుకుని ఆర్నాల్డ్ పామర్ టోర్నీ ఆడాడు. ఐదు స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు. మరుసటి వారమే ప్లేయర్స్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఏప్రిల్‌లో మళ్లీ మాస్టర్స్. ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ స్వర్ణం. ఆ ఏడాది పీజీఏ టూర్‌లోనే ఏడు టైటిళ్లు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఏడాది షెఫ్లర్ పటింగ్‌లో నంబర్ వన్ అయిపోలేదు. టాప్ టెన్‌లోకి కూడా రాలేదు. టూర్ సగటు కంటే కాస్త పైకి చేరాడు. అంతే. ఉన్న లోపం నష్టం చేయకుండా ఆగితే చాలు, మిగతా ఆట గెలిపించింది. మళ్లీ చెబుతున్నాం. బలహీనత బలంగా మారాల్సిన పని లేదు. నష్టం ఆగితే చాలు.

లోపాన్ని దిద్దడానికి పనిముట్టునే కొత్తగా చేసుకున్నవాడు ఇంకొకడున్నాడు. జీన్ సారజెన్. 1930ల మొదట్లో అమెరికాలో పేరున్న ఆటగాడు. ఇసుకలో పడితే మాత్రం అతని ఆట సాగేది కాదు. అప్పటి క్లబ్‌ల అంచు పదునుగా ఉండేది. ఇసుకలోకి దిగబడిపోయేది. విమానం నడపడం నేర్చుకుంటున్నప్పుడు తోక దగ్గరి పలక కదిలితే విమానం ముక్కు పైకి లేవడం చూశాడట. క్లబ్ అడుగు కూడా అలాగే పనిచేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడే తట్టిందని తర్వాత చెప్పుకున్నాడు. పాత క్లబ్ అడుగున లోహం కరిగించి అతికించాడు. అడుగు దళసరి అయింది. వెనక అంచు ముందు అంచు కంటే కిందికి వచ్చింది. కొడితే ఇసుకలో కూరుకుపోకుండా జారుకుంటూ పైకి లేచింది.

1932లో ఆ క్లబ్‌తో ఇంగ్లండ్ వెళ్లాడు. అధికారులు చూస్తే ఒప్పుకోరేమోనని దాని తలను సంచిలో కిందికి పెట్టి దాచానని చెప్పేవాడు. ప్రిన్సెస్ కోర్సులో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. అదే ఏడాది యూఎస్ ఓపెన్ కూడా గెలిచాడు. ఇవాళ మీ సంచిలో ఉన్న శాండ్ వెడ్జ్ ఆ పనితనానికి వారసురాలే. బంకర్ అంటే బెదిరేవాళ్లు ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. అక్కడ కొట్టాల్సింది బంతిని కాదు, బంతికి ఒకటి రెండు అంగుళాల వెనకున్న ఇసుకను. ఆ ఇసుకే బంతిని మోసుకుని బయటికి వస్తుంది.

కొన్ని లోపాలు ఒకసారి దిద్దితే పోవు. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌ను అడగాలి ఆ సంగతి. అతనికి యిప్స్ ఉండేది. చిన్న పట్ కొట్టబోతే చేయి అదుపు తప్పి ఉలిక్కిపడుతుంది. మూడడుగుల నుంచి కూడా బంతి ఎటో పోతుంది. ఇరవై ఏళ్లు నిండకముందే అతనికి ఈ బాధ పట్టుకుంది. వదిలింది అనుకున్నాక మళ్లీ వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చింది.

వచ్చిన ప్రతిసారీ లాంగర్ పటర్ పట్టే తీరు మార్చాడు. ఎడమ చేయి కిందికి, కుడి చేయి పైకి పెట్టి చూశాడు. తర్వాత మరీ వింత పట్టు ఒకటి పట్టాడు. ఎడమ చేతిని పటర్ కర్ర మీద బాగా కిందికి దించేవాడు. కర్ర పై భాగాన్ని ఎడమ ముంజేతికి ఆనించి, ఆ రెండింటినీ కలిపి కుడి చేత్తో బిగించి పట్టేవాడు. మణికట్టు కదలడానికి వీల్లేదు. ఉలిక్కిపాటుకు చోటే లేదు. చూడ్డానికి కట్టు కట్టించుకున్న మనిషిలా ఉండేవాడు. చూసినవాళ్లు ఏమనుకుంటారోనని ఆలోచించలేదు. 1985లో మాస్టర్స్ గెలిచినవాడు, 1993లో ఈ వింత పట్టుతో మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత పొడవాటి పటర్‌కు మారాడు. 2024 నవంబరులో, 67 ఏళ్ల వయసులో, సీనియర్ల టూర్ ఆఖరి పోటీ ఆఖరి గ్రీన్ మీద దాదాపు ముప్పై అడుగుల పట్ వేసి టైటిల్ గెలిచాడు.

ఇక ప్రాక్టీసు మాట. డ్రైవింగ్ రేంజ్‌కు వెళ్లి చూస్తే అందరూ చేసేది ఒకటే. బుట్టెడు బంతులు, చేతిలో డ్రైవర్, అన్నీ ఒకే దిక్కుకు. యాభయ్యో బంతికి చక్కగా తగులుతుంది. సంతోషంగా ఇంటికి వస్తారు. ఇది చిల్లు ఎక్కడుందో చూడకుండా కుండలో నీళ్లు పోయడమే. బాగా వచ్చినదాన్నే మళ్లీ చేయడం హాయిగా ఉంటుంది. రానిదాని దగ్గరికి చేయి పోదు.

దీని మీద ఒక పాత పరిశోధన ఉంది. 1979లో షే, మోర్గన్ అనే ఇద్దరు అమెరికాలో కొందరికి మూడు రకాల చేతి కదలికలు నేర్పించారు. కొందరు ఒక్కో రకాన్నీ వరసగా చేసి ముగించాక రెండోదానికి వెళ్లారు. మిగతావాళ్లు మూడింటినీ కలిపి, క్రమం లేకుండా చేశారు. నేర్చుకునేటప్పుడు మొదటివాళ్లే ముందున్నారు. కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ పరీక్షిస్తే రెండోవాళ్లే నిలబడ్డారు. గోల్ఫ్ కోర్సు కూడా అలాంటిదే. అక్కడ ఒకే షాటు వెంటవెంటనే రెండుసార్లు ఆడే అవకాశం దాదాపు రాదు.

కాబట్టి మీకు "చ" ఎక్కువగా వచ్చిందనుకోండి. ఒకే చోట నిలబడి యాభై చిప్‌లు కొట్టొద్దు. ఒక బంతిని గడ్డిలో వేయండి. చిప్ చేయండి. పటర్ తీసుకుని వెళ్లి దాన్ని గుంటలో వేయండి. మళ్లీ వేరే చోట, వేరే క్లబ్. "ప" ఎక్కువైతే ముందు దూరపు పట్‌ల దగ్గర మొదలుపెట్టండి. మూడు పట్‌లు పడేది ఎక్కువగా మొదటి పట్ మరీ పొట్టిగానో, మరీ పొడవుగానో పోవడం వల్లే. పది అడుగులు, ఇరవై, ముప్పై, ఇలా దూరం మార్చుకుంటూ కొట్టండి. బంతి గుంటలో పడకపోయినా పర్వాలేదు. గుంటకు ఒక పటర్ పొడవు లోపల ఆగాలి.

"డ" ఎక్కువైతే? ఇక్కడ మన అమ్మాయి కథ ఒకటి వినాలి. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో, అంతకుముందు గోల్ఫ్ పేరు కూడా వినని ఇళ్లలో పొద్దున్నే టీవీలు పెట్టించింది. ఆమె డ్రైవ్ పొట్టి. పక్కన ఆడే నెల్లీ కోర్డా బంతి ఎన్నో గజాలు ముందుండేది. ఆ ఏడాదే కోవిడ్ వచ్చి తగ్గడంతో ఒంట్లో బలం ఇంకా తగ్గింది. అప్పటికప్పుడు దూరం పెరగదు. అందుకని ఆమె దూరం కోసం వెంపర్లాడలేదు. నేరుగా కొట్టింది. గ్రీన్ మీద పటర్‌తో లాక్కొచ్చింది. ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం పోయి నాలుగో స్థానంలో నిలిచింది. పోటీలు లేని కాలంలో దూరం మీద పని పెట్టుకుంది. 2023లో కెన్యాలోనూ స్పెయిన్‌లోనూ యూరప్ టూర్ టైటిళ్లు గెలిచింది.

పోటీ వారంలో ఉన్న ఆటతోనే ఆడింది. లోపాన్ని దిద్దుకోవడానికి వేరే సమయం కేటాయించింది. మన ఆటగాళ్లు చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. రౌండు మధ్యలో స్వింగ్ మారుస్తారు. మూడో గుంటలో డ్రైవ్ కుడికి పోతే నాలుగో గుంటలో పట్టు మారుతుంది. ఐదో గుంటలో నిలబడే తీరు మారుతుంది. తొమ్మిదో గుంటకు వచ్చేసరికి తానెలా కొట్టేవాడో తనకే గుర్తుండదు.

కాబట్టి శ్రోతలారా, వచ్చే రౌండుకు జేబులో పెన్సిల్ వేసుకోండి. నాలుగు అక్షరాలు: డ, ఐ, చ, ప. నిర్ణయం తప్పితే చుట్టూ సున్నా. ఆ రోజు ఏదీ మార్చొద్దు, రాసుకోండి అంతే. ఒక్క రౌండు చూసి తేల్చొద్దు. నాలుగైదు కార్డులు పోగయ్యాక ఒకచోట పెట్టి చూడండి. ఏ అక్షరం ఎక్కువగా కనిపిస్తే, నెల రోజులపాటు మీ ప్రాక్టీసులో సగం సమయం దానికి ఇవ్వండి. మిగతా సగం మీకు నచ్చినట్టు. సున్నాలే ఎక్కువగా కనిపిస్తే ప్రాక్టీసు మానేసి, వచ్చే రౌండులో గ్రీన్‌కు కొట్టే ప్రతిసారీ ఒక క్లబ్ పెద్దది తీసి చూడండి. నెల తర్వాత మళ్లీ నాలుగైదు కార్డులు రాయండి. ఆ అక్షరం తగ్గితే, రెండో స్థానంలో ఉన్న అక్షరం మీద పని మొదలుపెట్టొచ్చు.